హార్ప్ అంటే మౌత్ ఆర్గానేనట

అమెరికాలో, టెన్నెసీ రాష్ట్రం మెంఫిస్‌లో ఒక బార్ ఉంది. మంగళవారం రాత్రుళ్లు అక్కడ ఎవరైనా పేరు రాసి స్టేజీ ఎక్కి బ్లూస్ (ఇక్కడి దక్షిణాది నల్లవాళ్ల పాటలు) వాయించొచ్చు. మొదటి వారం నేను పేరు రాయకుండానే తిరిగొచ్చేశాను. బార్ గుమ్మం పక్కన ఎత్తు బల్ల మీద ఒక క్లిప్‌బోర్డు, దానికి దారంతో కట్టిన పెన్సిల్ ఉన్నాయి. కాగితం మీద గళ్లు గీశారు: వోకల్స్, గిటార్, బేస్, డ్రమ్స్, కీబోర్డ్, హార్ప్. మౌత్ ఆర్గాన్‌కు గడి లేదు. నాకు తెలిసిన హార్ప్ నిలువెత్తు బంగారు చట్రానికి తీగలు బిగించి దేవకన్యలు వాయిస్తారే, అది. ఇంత ఇరుకు బార్‌లోకి దాన్ని ఎలా మోసుకొస్తారబ్బా అనుకుంటూ మూలన కూర్చున్నాను. గంట గడిచాక హోస్ట్ మైకులో ‘హార్ప్’ అంటూ ఎవరినో పిలిచాడు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన లేచి, చొక్కా జేబులోంచి మౌత్ ఆర్గాన్ తీశాడు.

మేముండేది మెంఫిస్‌కు తూర్పు శివారు కొలియర్‌విల్‌లో. మా ఆయన ఆఫీసు అక్కడే. నాది ఆయన ఉద్యోగం మీద వచ్చిన హెచ్4 వీసా. తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పుకున్న మనిషిని, ఇక్కడికొచ్చాక పాపను స్కూలు బస్సెక్కించి ఇంట్లో కూర్చోవడమే పనైంది. శనివారం ఎవరిదో ఒకరిది పుట్టినరోజు, ఆదివారం ఈడ్స్‌లో ఉన్న మన గుడి. మిగతా ఐదు రోజులూ ఫ్రిజ్ చప్పుడు కూడా స్పష్టంగా వినబడేది.

అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చినప్పుడు, చుట్టాలందరికీ చూపించినట్టే వాళ్లకీ బీల్ స్ట్రీట్ చూపించాం. నియాన్ దీపాలు, ప్రతి గుమ్మంలోంచీ గిటార్ మోత. ఒక చోట బ్రేక్‌లో బయట నిలబడ్డ బేస్ ప్లేయర్‌తో మామయ్యగారు మాట కలిపారు. ఆయన స్తంభంతోనైనా మాట కలపగలరు. ‘మా కోడలు కూడా మౌత్ ఆర్గాన్ వాయిస్తుంది’ అని నా ముందే, నాచేతే ఇంగ్లిష్‌లో చెప్పించారు. అతను నవ్వి, ఇక్కడ వాయించేది మీలా వచ్చిపోయేవాళ్ల కోసం, మాకోసం మేం వాయించుకునేది మంగళవారం రాత్రి మిడ్‌టౌన్‌లో అంటూ ఒక బార్ పేరు చెప్పాడు. ఆ పేరు నేను మర్చిపోతే బాగుండునని మా ఆయన అనుకుని ఉంటారు.

మామయ్యగారు చెప్పిన మౌత్ ఆర్గాన్ నాన్నది. కోటప్పకొండ తిరునాళ్లలో కొన్నాడట. రెండు వరసల రంధ్రాలు, పక్కన ‘సి’ అని చెక్కిన అక్షరం. రైల్వేలో నైట్ డ్యూటీ లేని రాత్రుళ్లు డాబా మీద కూర్చుని పాత సినిమా పాటలు వాయించేవాడు. నేనూ అలాగే చూసి నేర్చుకున్నాను. అమెరికా ప్రయాణంలో నా బ్యాగులో ఊరగాయ సీసాల మధ్య దాన్ని పెట్టింది కూడా ఆయనే.

రెండో వారం ధైర్యం చేసి ‘హార్ప్’ గడిలో పేరు రాశాను. ఈ రాత్రి ఎలా నడుస్తుందో చెప్పాలి. మొదట హౌస్ బ్యాండ్ మూడు నాలుగు పాటలు వాయిస్తుంది. తర్వాత హోస్ట్ కాగితం చూసి, పేకముక్కలు కలిపినట్టు మనుషుల్ని కలుపుతాడు. ఒక గొంతు, రెండు గిటార్లు, ఒక బేస్, డ్రమ్స్, ఒక హార్ప్. వాళ్లు ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. రిహార్సల్ ఉండదు. కీ (శ్రుతి) ఏమిటో, నడక ఏమిటో ఒక ముక్కలో చెప్పుకుని మొదలెట్టేస్తారు. మనిషికి రెండు పాటలు, జనం తక్కువుంటే మూడు. హోస్ట్ వేలు గాల్లో తిప్పితే ఇంకో రౌండు, పిడికిలి చూపిస్తే ముగింపు.

నా వంతు వచ్చింది. ‘ఏ కీ?’ అన్నాడు హోస్ట్. మౌత్ ఆర్గాన్ మీదున్న అక్షరం చూసి ‘సి’ అన్నాను. ఆయన బ్యాండ్ వైపు తిరిగి ‘జి లో షఫుల్, ఫ్రమ్ ద ఫైవ్’ అన్నాడు. పాపం చెవుడేమో అనుకున్నాను. సరిచేసే లోపే డ్రమ్స్ మొదలైపోయాయి. నేను తయారుచేసుకున్న సినిమా ట్యూన్ ఎత్తుకున్నాను. ఏం జరిగిందో కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లకు ఒక్క మాటలో చెబుతాను: నా షడ్జం వాళ్లకు మధ్యమం. నేను ఇల్లు చేరాననుకుని ఆగిన ప్రతిచోటా వాళ్లు ఇంకెక్కడో ఉన్నారు. రెండు నిమిషాలు రెండు గంటల్లా గడిచాయి. చప్పట్లు కొట్టారు. ఇక్కడివాళ్లు ఎవరికైనా కొడతారు, అది మర్యాద.

దిగి వచ్చేసరికి చెమటతో చున్నీ మెడకు అతుక్కుపోయింది. చొక్కా జేబు పెద్దాయన నన్ను బయటికి పిలిచాడు. ‘యంగ్ లేడీ, ఎంతసేపు ఊదావు?’ ‘ఊపిరి ఉన్నంతసేపు’ అన్నాను. ‘ఊదకూడదు. పీల్చాలి.’

తన హార్ప్ చేతిలో పెట్టి (స్పిరిట్‌తో తుడిచే ఇచ్చాడు) మొదటి నాలుగు రంధ్రాలూ ఒకేసారి లోపలికి పీల్చమన్నాడు. సి హార్ప్‌లో ఊదితే సి కార్డ్ (కలిసి పలికే స్వరాల జట్టు) వస్తుంది, జర్మనీలో తయారుచేసినవాళ్ల ఉద్దేశం అదే. కానీ పీల్చితే జి కార్డ్ పలుకుతుంది. అమెరికా దక్షిణాది నల్లవాళ్లు దీన్ని పట్టుకున్నారు. పీల్చే స్వరాలను వంచొచ్చు, ఏడిపించొచ్చు, రైలు కూతలా సాగదీయొచ్చు. అందుకని సి హార్ప్ చేతిలో ఉంటే పాట జి లో నడుస్తుంది. దీన్ని క్రాస్ హార్ప్ అంటారు. హార్ప్ మనిషి ‘సి’ అనగానే బ్యాండ్ ‘జి’ అనుకోవడం ఇక్కడ అందరికీ తెలిసిన లెక్క, నాకు తప్ప. హోస్ట్‌కు చెవులు శుభ్రంగా ఉన్నాయి.

నాన్న మౌత్ ఆర్గాన్ చూసి పెద్దాయన ముచ్చటపడ్డాడు కానీ తల అడ్డంగా ఊపాడు. అది ట్రెమొలో రకం, ఒక్కో స్వరానికి రెండేసి రీడ్లు (లోపలి సన్నని రేకులు) కలిసి పలుకుతాయి, బ్లూస్‌లో వంచినట్టు వంగవు. పది రంధ్రాల చిన్న హార్ప్ కావాలి. అదీ ఒక్కటి చాలదు. ఇ లో పాడేవాళ్లకు ఎ హార్ప్, ఎ కి డి, జి కి సి, సి కి ఎఫ్. కనీసం నాలుగు. ఇంటికెళ్లి నాలుగు హార్ప్‌ల ధర లెక్కేసి మా ఆయనకు మూడనే చెప్పాను.

వాటిలో హోనర్ కంపెనీ మెరైన్ బ్యాండ్ ఒకటి. 1896 నుంచీ అమ్ముతున్న మోడల్ అది. పెట్టె విప్పి రెండో రంధ్రం పీల్చితే గొంతు పట్టేసినట్టు గుర్రుమంది. రీడ్ విరిగిందనుకుని వాపసు పంపబోయాను. నోట్లో పెట్టుకునే వస్తువు వాపసు తీసుకోరట. మంగళవారం పెద్దాయనకు చూపిస్తే ఆయన అందుకుని అదే రంధ్రంలోంచి పాలమీగడలాంటి స్వరం తీసి తిరిగిచ్చాడు. కొత్తవాళ్లందరూ రెండో రంధ్రం పాడైందనే అంటారట. నాలుక వెనక్కి లాగి బిగించి పీల్చడం నా తప్పు. మూడు వారాలు గ్యారేజీలో కారు అద్దాలెత్తుకుని కూర్చుని, ఆవలించినట్టు గొంతు తెరిచి పీల్చడం సాధన చేశాను. పాపకు అది దెయ్యం మూలుగులా ఉందట.

వంచడం ఇంకో కథ. మూడో రంధ్రం పీల్చుతూ నోటి లోపల ‘ఈ’ని ‘ఊ’ చేసినట్టు నాలుక జరిపితే స్వరం కిందికి జారుతుంది. అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. జి పాటలో అది అంతర గాంధారం దగ్గర మొదలై సాధారణ గాంధారం వైపు దిగుతుంది. బ్లూస్‌వాళ్లు ఈ రెంటి మధ్య ఎక్కడో ఆగుతారు. పియానోలో ఆ చోటికి మెట్టు లేదు. చిన్నప్పుడు పాట టీచర్ గమకం సరిగా రాలేదని నా చేత ఒకే గాంధారాన్ని యాభైసార్లు అనిపించింది. ఆవిడను తిట్టుకున్న తిట్లన్నీ కారులో కూర్చుని వెనక్కి తీసుకున్నాను.

తాళం కూడా అలాగే దారికొచ్చింది. బ్లూస్‌లో ఎక్కువ పాటలు పన్నెండు బార్లు (తాళంలో ఒక్కో ముక్కను బార్ అంటారు), బార్‌కు నాలుగు దెబ్బలు. మొత్తం నలభై ఎనిమిది. అంటే ఎనిమిది దెబ్బల ఆది తాళం ఆరు ఆవర్తనాలు! మొదటి రెండు ఆవర్తనాలు ఇంటి కార్డ్ (పాట కీకి చెందినది) మీద, మూడోది నాలుగో కార్డ్ (ఇంటి స్వరం నుంచి లెక్కపెడితే నాలుగోది), నాలుగోది మళ్లీ ఇల్లు, ఐదోదానిలో సగం ఐదో కార్డ్, సగం నాలుగోది, ఆరోదానిలో ఇల్లు చేరి, చివర మళ్లీ ఎత్తుకోవడానికి ఐదో కార్డ్ మీద కాలు. షఫుల్ అంటే తిస్ర నడక, దెబ్బకు మూడు ముక్కలు, అంతే. హోస్ట్ అన్న ‘ఫ్రమ్ ద ఫైవ్’ అంటే ఐదో కార్డ్ దగ్గర్నుంచి, అంటే ఐదో ఆవర్తనం నుంచి ఎత్తుకోమని. బల్ల కింద తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చుంటే నాకు ఒక్క మార్పు తప్పేది కాదు. లెక్కల టీచర్ని కదా, గర్వం వచ్చింది.

ఆ గర్వం ఎక్కువ కాలం నిలవలేదు. ఒక మంగళవారం హోలీ స్ప్రింగ్స్ వైపు నుంచి ఒకాయన వచ్చి గిటార్ ఎత్తుకున్నాడు. నేను లెక్క పెడుతున్నాను, కార్డ్ మారదు. ఎంతకీ మారదు. ఉత్తర మిసిసిపీ కొండల బ్లూస్ అంతేనట. జూనియర్ కింబ్రో, ఆర్.ఎల్. బర్న్‌సైడ్ వాయించినదీ ఈ రకమే, ఒకే కార్డ్ మీద తంబూర శ్రుతిలా నడుస్తూ ఉంటుంది. ఇంకొకాయన పన్నెండు బార్ల పాటే పాడతాడు కానీ మాట మిగిలితే బార్ పెంచేస్తాడు, ఊపిరి అయిపోతే సగంలో తెంచేస్తాడు. హౌస్ బ్యాండ్ అతని నోటి వైపు చూస్తూ అతనితోపాటే మలుపు తిరుగుతుంది. తొడ మీద తాళం వేస్తున్నవాళ్లం మాత్రం ఎదురు గోడకు గుద్దుకుంటాం.

నా అసలు తప్పు మాత్రం ఇది కాదు. రెండు నెలలకు స్వరాలు పలకడం మొదలయ్యాక నేను ఇక ఆపలేదు. పాటగాడు పాడుతున్నా, గిటార్ సోలో నడుస్తున్నా, కిందనుంచి ఏదో ఒకటి పీలుస్తూనే ఉన్నాను. హార్ప్‌వాళ్ల మీద ఇక్కడ జోకులు బోలెడు, అన్నిటి సారం ఒకటే, వీళ్లకు నోరు ఊరుకోదని. నాకు చెప్పలేదెవరూ. ఒక రాత్రి చర్చి కాయిర్‌లో పాడే ఒక పెద్దావిడ స్లో బ్లూస్ అందుకుంది. రెండో లైను మధ్యలో నా వైపు తిరగకుండానే, పక్కకు అరచేయి చాపి గాల్లో నెమ్మదిగా కిందికి దించింది. మరిగే గిన్నె మీద మూత పెట్టినట్టు. నేను ఆగాను. ఆవిడ పాట పూర్తి చేసి, నాకు నవ్వి థాంక్యూ చెప్పి దిగిపోయింది. తర్వాతి వారం నా పేరు పదకొండున్నరకు వచ్చింది, కుర్చీలు బల్లల మీదికెక్కిస్తున్న టైములో. ఆ పై వారమూ అంతే. ఇక్కడ తిట్టడం ఇలా ఉంటుంది.

ఆ చెయ్యి ఎక్కడో చూశానని ఇంటికెళ్లే దారంతా అనిపించింది. నలభై నిమిషాల డ్రైవు. ఇంటి దగ్గరపడ్డాక తట్టింది. తాతయ్యది.

మా తాతయ్య బుర్రకథలో వంత. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో చెప్పేవాళ్లు. మధ్యలో కథకుడు భుజాన తంబూర, వేళ్లకు అందెలు. కుడి పక్క రాజకీయ వంత, ఎడమ పక్క హాస్య వంత. తాతయ్య ఎడమ పక్క. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు చాప మీద ముందు వరసలో కూర్చుని చూసినదాన్ని. ‘తందాన తాన’ అన్నంతసేపూ ఆయన చేతుల్లో గుమ్మెట ఎగిరేది. కథకుడు మాట ఎత్తుకోగానే తాతయ్య అరచేయి చర్మం మీద పరుచుకుని మోత ఆపేసేది. మళ్లీ కథకుడు ఆగేదాకా ఆ చెయ్యి కదలదు. కథకుడు ఆగితే మాత్రం ‘ఆఁ, ఆ తర్వాత?’ అని ఒక్క మాట, ఒక్క దెబ్బ. జనం పడీపడీ నవ్వేవాళ్లు. నాన్నకు ఫోన్ చేసి అడిగితే, ‘ఆయనకు రాత్రంతా చెప్పడానికి ఇరవై మాటలుండేవేమో, ఆ ఇరవైకే పిలిచేవాళ్లు’ అన్నాడు.

బ్లూస్ పాట కట్టుబడి చూస్తే అందులోనూ వంతకు చోటు ముందే వదిలిపెట్టి ఉంది. ఒక లైను, అదే లైను మళ్లీ, మూడోది వాటికి జవాబు. ఒక్కో లైనుకు నాలుగు బార్లు, గొంతు అందులో సుమారు సగమే వాడుకుంటుంది. మిగిలిన సగం ఖాళీ. ఆ ఖాళీలో గిటారో హార్పో ‘ఆఁ, ఆ తర్వాత?’ అనాలి. నేను రెండు నెలలపాటు కథకుడి మాట మీద గుమ్మెట మోగించానన్నమాట.

ఆ అక్టోబర్‌లో ఒక ఆదివారం మా ఆయన్ని బతిమాలి 61 హైవే మీద మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ తీసుకెళ్లమన్నాను. రెండు పక్కలా కనుచూపు మేర తెల్లగా పత్తి. ‘ఇదేంటి, మన పల్నాడులా ఉంది’ అన్నారాయన. డెల్టా బ్లూస్ మ్యూజియంలో మడ్డీ వాటర్స్ అనే బ్లూస్ గాయకుడు పెరిగిన చెక్క ఇల్లు ఉంది, స్టోవాల్ తోటల నుంచి తెచ్చి పెట్టారు. అక్కణ్ణుంచి టుట్‌వైలర్. 1903లో డబ్ల్యూ.సి. హ్యాండీ అనే బ్యాండ్ మాస్టర్ ఆ ఊరి స్టేషన్‌లో ఆలస్యమైన రైలు కోసం కూర్చుని, పక్కన ఒక మనిషి కత్తితో గిటార్ తీగలు అదుముతూ పాడటం విన్నాడట. పాడినది ఒకే లైను, మూడుసార్లు. రైల్వే మనిషి కూతుర్ని కాబట్టి నాకు ఆ ఆలస్యమైన రైలు మీదే మనసు పోయింది. ఆ ఊరి శివార్లలోనే హార్ప్ మహానుభావుడు సన్నీ బాయ్ విలియమ్సన్ సమాధి. వచ్చినవాళ్లు రాయి మీద హార్ప్‌లు వదిలి వెళ్తారు. వానకు తడిసి తుప్పు పట్టి, రంధ్రాల్లో చీమలు. నా ఎ హార్ప్ జేబులోనే ఉంది. డబ్బు పోసి కొన్నది, మనసొప్పక దండం పెట్టుకుని వచ్చేశాను.

చిల్లర సంగతి కూడా చెప్పాలి. స్టేజీ ముందు ఒక గాజు సీసాలో జనం డాలర్లు వేస్తారు. రాత్రి చివర హోస్ట్ పంచుతాడు. ఒకసారి నాకు నాలుగు డాలర్లిచ్చాడు. నా వీసాకు సంపాదన కుదరదని వివరించడానికి పదిహేను నిమిషాలు పట్టింది. ‘నాలుగు డాలర్లకు నిన్ను దేశంలోంచి పంపేస్తారా?’ అన్నాడు. పంపకపోవచ్చు, కానీ నేను భయస్తురాలిని. అప్పటినుంచి నా వాటాకు ఒక గ్లాసు క్రాన్‌బెర్రీ జ్యూస్ వస్తుంది. బార్‌లోని సిగరెట్ పొగ బట్టలకు పట్టేస్తుంది. అందుకని మంగళవారం బట్టలు గ్యారేజీలోనే వదిలి ఇంట్లోకి రావాలని మా ఆయన రూలు. స్నానం చేసినా జుట్టు బుధవారం సాయంత్రం దాకా కంపు కొడుతుంది. గుళ్లో మాత్రం దీని గురించి ఎవరికీ చెప్పలేదు. ‘బార్’ అన్న మాట దాటి వాళ్లెవరూ వినరు.

జనవరిలో బీల్ స్ట్రీట్‌లో ఇంటర్నేషనల్ బ్లూస్ ఛాలెంజ్ జరిగిన వారం మా బార్‌లో ఇసకేస్తే రాలని జనం. ఎక్కడెక్కడినుంచో వచ్చిన హార్ప్‌వాళ్లు నడుముకు బెల్టులు, బెల్టుల నిండా తూటాల్లా పన్నెండేసి హార్ప్‌లు. క్లిప్‌బోర్డు చూసి ఇంటికెళ్లిపోదామనుకున్నాను. పెద్దాయన కదలనివ్వలేదు. పన్నెండు దాటాక, వాళ్లలో చాలామంది వెళ్లిపోయాక, ఎ లో ఒక స్లో బ్లూస్‌కు నన్ను పిలిచారు. పాడేది ఆ పెద్దావిడే.

డి హార్ప్ తీసుకున్నాను. మొదటి లైనుకు దాన్ని పెదవుల దగ్గరికి కూడా తీసుకురాలేదు, అరచేతిలో కప్పి గుండెకు ఆనించి పట్టుకున్నాను. తాళం కూడా వేయలేదు. ఆవిడ భుజాల వైపు చూస్తున్నాను, ఊపిరి తీసుకునే ముందు కుడి భుజం కొంచెం లేస్తుంది. లైను అయిపోయింది. ఖాళీ వచ్చింది. మూడో రంధ్రం వంచి, అక్కణ్ణుంచి రెండో రంధ్రానికి దిగాను. రెండే స్వరాలు. మిగతా చోటంతా వదిలేశాను. ఆవిడ అదే లైను మళ్లీ ఎత్తుకునే ముందు, మైక్‌కు కాస్త దూరంగా, ‘మ్మ్ హ్మ్’ అంది.

పాట ఎనిమిది రౌండ్లు సాగింది. చివరి రౌండ్‌లో ఒకచోట తొందరపడి ముందే పీల్చాను, ఆవిడ పట్టించుకోలేదు.

తర్వాతి మంగళవారం ట్రాఫిక్‌లో ఇరుక్కుని నేను వెళ్లేసరికి తొమ్మిది దాటింది. ఈ రాత్రికి ఇంక చోటుండదనుకుంటూనే క్లిప్‌బోర్డు చూశాను. పై నుంచి మూడో వరసలో, వోకల్స్ గడిలో ఆవిడ పేరు. అదే వరసలో, హార్ప్ గడిలో, ఆవిడ దస్తూరీతోనే నా పేరు. స్పెల్లింగ్‌లో మూడు తప్పులు.